గడ్డకట్టిన నీళ్ళు, గుడ్ల డబ్బులు



మనవాళ్ళ పిల్లలు చాలామంది ఇప్పుడు అమెరికాలో ఉన్నారు. పెరట్లో నాలుగు కోళ్ళు పెంచుకునేవాళ్ళూ ఉన్నారు. మన మదురై, కోవిల్‌పట్టి పక్క కోళ్ళకు ఎండాకాలంలో నీళ్ళ కష్టం. అక్కడ చలికాలంలో కష్టం, చట్టిలో పోసిన నీళ్ళు రాయిలా గట్టిపడిపోతాయి. ఇది చిన్న సంగతే, కానీ దీని వెనక ఆడవాళ్ళ చరిత్ర ఒకటి ఉంది.

పెంకు తీసేస్తే గుడ్డులో నాలుగింట మూడు వంతులు నీళ్ళే. పెట్ట తినే మేత బరువుకు దాదాపు రెండింతల నీళ్ళు తాగుతుంది. దానికి పళ్ళు లేవు, గింజ గొంతు కింది సంచిలో నానాలి. నీళ్ళు లేకపోతే మేత మానేస్తుంది, ఒకటి రెండు రోజుల్లోనే గుడ్లు తగ్గిపోతాయి. మంచును పొడుచుకుని తింటుంది గానీ అది చాలదు.

వంద ఏండ్ల కిందట మిన్నెసోటా, అయోవా పల్లెల్లో పంట డబ్బులు మొగవాడివి, గుడ్ల డబ్బులు ఇల్లాలివి. చక్కెర, కాఫీ, గుడ్డలు, పిల్లల బూట్లు చాలా ఇళ్ళల్లో ఆ డబ్బులతోనే వచ్చేవి. చలికాలంలో పగలు చిన్నది, కోళ్ళు తక్కువ పెడతాయి, అందుకని గుడ్డు ధర ఎక్కుతుంది. సరిగ్గా అప్పుడే నీళ్ళు గడ్డకడతాయి. నీళ్ళు ఆపకుండా ఇవ్వగలిగిన ఇల్లాలికే ఆ ధర దక్కేది.

అందుకు ఆమె పొయ్యిమీద నీళ్ళు కాచి, బకెట్టులో మోసుకుని, మోకాలి లోతు మంచులో కోళ్ళ గూటికి పోయేది. పాత గడ్డ కొట్టి తీసి, వేడినీళ్ళు పోసేది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఇదే పని. రాత్రికి మట్టిజాడీ ఖాళీ చేసెయ్యాలి, ఎందుకంటే నీళ్ళు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి, జాడీ పగులుతుంది. కింద కిరసనాయిలు దీపం పెట్టే తొట్లు కూడా అమ్మేవాళ్ళు. కానీ గూట్లో అంతా ఎండుగడ్డి. దీపం పడిపోతే గూడే పోతుంది.

నేను రైల్వే మనిషిని గనక ఒక మాట. ఇంగ్లండు స్టేషన్లలో ఆవిరి ఇంజన్లకు నీళ్ళు పట్టే స్తంభం గడ్డకట్టకుండా పక్కనే బొగ్గుల పొయ్యి పెట్టేవాళ్ళు. అది రైల్వే పని, దానికి జీతం ఉంది. కోడికి నీళ్ళు మోసినదాని పేరు ఏ మస్టర్ రోల్లోనూ లేదు.

1935లో రూజ్‌వెల్ట్ పల్లెలకు కరెంటు ఇచ్చేదానికి ఒక శాఖ పెట్టాడు. అప్పటికి నూటికి పది పొలాల ఇళ్ళకే కరెంటు ఉండేది. దూరం పొలాలకు తీగ లాగితే లాభం రాదని కంపెనీలు పోలేదు. రైతులు సహకార సంఘాలు కట్టుకుని, ప్రభుత్వ అప్పుతో స్తంభాలు నాటించుకున్నారు. 1950ల నడుమకు నూటికి తొంభైకి పైగా ఇళ్ళల్లో దీపం వెలిగింది. నీళ్ళ తొట్టి కింద కరెంటు పీట వచ్చింది, చలి ముదిరితే తానే వేడెక్కుతుంది.

బకెట్టు మోసే కష్టం తీరింది. కానీ ఆ కాలంలోనే వేల కోళ్ళ షెడ్లు లేచాయి, గుడ్ల వ్యాపారం పెద్దవాళ్ళ చేతికి పోయింది. కష్టంతోపాటు ఇల్లాలి డబ్బులూ పోయాయి. చరిత్ర పుస్తకాల్లో కరెంటు రావడం గురించి చాలా రాస్తారు, ఈ రెండో సంగతి మాత్రం ఒక వాక్యంలో దాటేస్తారు.

ఇప్పుడు పెరటి కోళ్ళవాళ్ళు బిస్కెట్ డబ్బాలో 40 వాట్ల పాతకాలం బల్బు పెట్టి, దానిమీద తొట్టి ఉంచుతారు. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, వేడి రాదు. గడ్డకట్టకూడదని నీళ్ళల్లో ఉప్పు వెయ్యొద్దని మీ పిల్లలకు చెప్పండి, కోళ్ళు చచ్చిపోతాయి.

మీ అవ్వలు గుడ్లు అమ్మి ఏమేమి కొన్నారో గుర్తున్నవాళ్ళు కింద రాయండి.