వాడని పూవులు

ఉదయమున పూచిన పూవు సాయంకాలమునకు వాడుట ప్రకృతి ధర్మము. వాడని పూవును తన చేతితో చేసికొనవలెనను కోరిక మానవునికి చిరకాలము నుండి గలదు. మన పెండ్లిండ్లలో కట్టు బెండు బాసికములును, ఆడపిల్లల జడలకు వ్రేలాడు పట్టుదారపు కుచ్చులును ఆ కోరికకు నిదర్శనములే. అయితే గుడ్డతోను దారముతోను పూవులు చేయు విద్యకును మన గోదావరి సాగరసంగమ ప్రాంతమునకును గల సంబంధము మనలో పెక్కుమందికి తెలియదు. దానిని క్లుప్తముగా పాఠకులకు మనవి చేయుటయే ఈ వ్యాసోద్దేశము.

యానామునందు దరియాలతిప్ప యను గ్రామము గలదు. గౌతమీ గోదావరి సముద్రమును చేరబోవు చోటది. దరియా యన్నది పారసీక పదము, సముద్రమని దాని యర్థము. తిప్ప యన్నది మన తెనుగు మాట. ఆ పేరు వినగానే ఓడలును, వర్తకులును స్ఫురణకు వత్తురు. ఫ్రెంచివారు 1723లో యానాము చేరిరి. వారిని రప్పించిన వస్తువులలో ముఖ్యమైనది మన నేతబట్ట. చేరువనున్న ఇంజరములో ఇంగ్లీషువారును, జగన్నాథపురము, పాలకొల్లులలో డచ్చివారును ఆ బట్ట కొరకే వర్తకస్థానములు పెట్టుకొనిరి. నరసాపురమునకు ప్రక్కనున్న మాధవాయపాలెము పేరును ఐరోపావారు ‘మాదపోలము’ అని పలికిరి. అక్కడి నూలుబట్టకు ఆ పేరే స్థిరపడి, నేటికిని ఫ్రెంచి నిఘంటువులలో నిలిచియున్నది.

ఇట్లు సముద్రము దాటిన మాటలు మరికొన్ని గలవు. ‘జాకొనా’ అను సన్నబట్ట పేరు జగన్నాథము నుండి వచ్చినది. ‘నాన్సూక్’ అనునది ‘నయనసుఖ’ మను హిందూస్థానీ మాటకు మారురూపము. ఫ్రాన్సులో గుడ్డపూవులు చేయువారు రేకులకును ఆకులకును వాడిన బట్టలలో ఇవి ముఖ్యమైనవి. పందొమ్మిదవ శతాబ్దములో ఐరోపా మరమగ్గములు ఈ బట్టలను నేయసాగెను. పేర్లు మనవిగానే యుండెను. నేత మాత్రము వారిదాయెను.

ఆ గుడ్డపూవుల పని ఎట్టిదో కొంచెము చెప్పవలెను. మొదట బట్టకు గంజి పెట్టి బిగువుగా ఆరవేయుదురు. పిమ్మట మడతలు పెట్టి, రేకు ఆకారముగల ఇనుప అచ్చును దానిపై నుంచి సుత్తితో కొట్టుదురు. ఒక్క దెబ్బకు అనేక రేకులు తెగును. కుంచెతో రంగు తాకింతురు. గుండ్రని కొనగల ఇనుప పనిముట్టును వేడిచేసి మెత్తపై నొత్తగా రేకు దొన్నెవలె వంగును. చివరకు సన్నని తీగెకు కేసరములు కట్టి, చుట్టును రేకులు అంటించి, కాడకు దారము చుట్టుదురు. పదునెనిమిదవ శతాబ్దమున దిదెరో వెలువరించిన ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వములో ఈ పనిముట్ల చిత్రములు గలవు.

ఇక మన తీరమునకు వత్తము. కంపెనీవారు బట్ట కొనుట తగ్గించిన పిమ్మట నేతవారి జీవనము చెడినది. దానికి తోడు 1832-33లో గుంటూరు సీమయందు ఘోరమైన కరవు వచ్చినది. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియగు వరకు గోదావరి మండలము కూడ దుర్దశలోనే యుండెను. ఆ కాలముననే, సుమారు 1844 ప్రాంతమున, మెక్రే దంపతులను స్కాట్లండు మిషనరీలు నరసాపురమున బీద స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరని ప్రతీతి. బట్ట యెగుమతి చేసిన తీరమునకు ఆ విధముగా కొక్కెపు సూది వచ్చినది. కాలక్రమమున ఆ పని చుట్టుప్రక్కల గ్రామములకు ప్రాకి, గోషాలో నుండు కాపు స్త్రీల యిండ్లలోనికిని ప్రవేశించెను.

ఈ అల్లికలోను పూవే ప్రధానము. ఒంటిదారముతో, ఒక్క సూదితో, ముడివెంట ముడి వేయుచు చిన్న చిన్న పూవులను విడివిడిగా అల్లుదురు. వానిని జతపరచుటకు అతుకుపని యని పేరు. ఒకామె పూవులు అల్లును, మరియొకామె అతుకును. పూర్తి వస్తువును చూచు భాగ్యము మొదటి యామెకు సాధారణముగా లేదు. వర్తకుడు నూలు నిచ్చును. దళారి తెచ్చి, మరల తీసికొనిపోవును. కూలి పనినిబట్టి ఇత్తురు.

1970వ దశకమున ఐరోపాకు ఈ లేసు ఎగుమతి మిక్కిలి పెరిగినది. ఆ దశకముననే మరియా మీస్ అను జర్మను విదుషి నరసాపురము వచ్చి పరిశీలించి, 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు అల్లిన స్త్రీకి రూపాయయైనను ముట్టలేదని ఆమె తేల్చినది. దానికి వర్తకులు చెప్పిన సమాధానము, వీరు గృహిణులు, ఇది తీరికవేళ పని యని. ఏండ్ల తరబడి జమాఖర్చుల పుస్తకములు వ్రాసిన గుమాస్తాను నేను. నూలు ధర, రవాణా, దళారి రుసుము, అన్నిటికిని ఒక పద్దు ఉండును. తీరిక యని పేరు పెట్టిన పనికి మాత్రము సరియైన పద్దు పడదు. ఆ ఒక్క మాటతో ఆమె గంటలన్నియు లెక్కనుండి జారిపోయినవి.

గుడ్డపూవు చేసిన చేతికి అన్నము పెట్టిన చరిత్రయు లేకపోలేదు. మొదటి ప్రపంచ యుద్ధమున గాయపడిన ఫ్రెంచి సైనికులకు జీవనోపాధి కల్పింపనెంచి, పారిసునందలి అంవాలీద్ ఆసుపత్రిలో శార్లొట్ మాల్‌తేర్, సుజాన్ లేనార్ అను ఇరువురు స్త్రీలు ఒక పనిశాల నెలకొల్పిరి. అచట ఆ క్షతగాత్రులు గుడ్డతో నీలిపూవులు చేసిరి. కేసరములకు వార్తాపత్రికల కాగితము వాడిరి. అమ్మగా వచ్చిన సొమ్ము వారికే చెందెను. నేటికిని నవంబరు 11వ తేదీన ఫ్రాన్సులో ఆ నీలిపూవును జనులు రొమ్మున ధరింతురు. ఆ యుద్ధమున ఫ్రెంచి ఇండియా వారును అసువులు బాసిరి. పుదుచ్చేరి సముద్రతీరమున 1938లో ఆవిష్కరించిన స్మారకము వారిని తలపించుచున్నది. రెండును వాడని పూవులే. ఒకదాని వెల చేసిన చేతికి చేరినది. మరియొకదాని వెల దారిలోనే ఇంకిపోయినది.

యానాము 1954 నవంబరులో భారతదేశ పాలనలోనికి వచ్చినది. 1962లో ఆ విలీనము శాసనసమ్మతమైనది. వర్తకస్థానముల కాలము గతించినది. నరసాపురపు లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇది సంతోషదాయకము. కాని గుర్తింపు ఊరిపేరునకు వచ్చినది; అల్లిన చేతికి తగిన కూలి దానంతట అది రాదు.

స్వస్థలమునకు దూరముగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో అమ్మమ్మయో నాయనమ్మయో అల్లిన లేసు తెర, బల్లగుడ్డ పెట్టె అడుగున నుండవచ్చును. దానిని బయటికి తీసి, చేసినవారి పేరు, ఊరు, సంవత్సరము ఒక చీటిపై వ్రాసి కుట్టుడు. క్రొత్తది కొనునపుడు అల్లినామెకు ఎంత ముట్టుచున్నదని వర్తకుని అడుగుడు. వీలైనచో స్త్రీల సహకార సంఘముల నుండియే కొనుడు. మన భాషను కాపాడుకొనుటకు సంఘములు పెట్టుకొన్నాము. మన స్త్రీల పనికి లెక్క వ్రాయుటయు ఆ సంఘముల ధర్మములలో ఒకటియని నా మనవి.