రోగి చెంత మతాచార్యుడు

ఆసుపత్రి అనే వ్యవస్థ రూపుదిద్దుకున్న తొలి శతాబ్దాలలో మతాచార్యుడు ఆ ఇంటికి యజమాని, వైద్యుడు వచ్చిపోయే అతిథి. నేడు మనం చూస్తున్న ఆసుపత్రిలో ఈ సంబంధం పూర్తిగా తలకిందులైంది. క్రైస్తవ దేశాలలో చాప్లెయిన్ అని వ్యవహరించే ఆసుపత్రి మతాచార్యుని చరిత్ర, ప్రధానంగా, ఈ మార్పు ఎలా సంభవించిందో, యజమాని స్థానం కోల్పోయిన తరువాత ఆయన తన వృత్తిని దేని ఆధారంగా పునర్నిర్మించుకున్నాడో తెలిపే చరిత్ర.

369 ప్రాంతంలో కప్పదోకియను పీడించిన క్షామానంతరం కైసరియ పీఠాధిపతి బాసిల్ నగరం వెలుపల బాటసారులకూ నిరుపేదలకూ కుష్ఠురోగులకూ నెలకొల్పిన విశాల సేవాసదనంలో వైద్యులూ పరిచారకులూ ఉన్నారు. అయినా ఆ సదనాన్ని నడిపిన శక్తి మఠజీవనం నుంచి వచ్చినదే. వెయ్యేళ్ల తరువాత కూడా ఈ భావన చెక్కుచెదరలేదనడానికి బర్గండీ ప్రాంతంలోని బోన్ పట్టణంలో నికొలా రొలాఁ, ఆయన భార్య గిగోన్ ద సలాఁ 1443లో స్థాపించిన ఆసుపత్రి నేటికీ నిలిచి ఉన్న సాక్ష్యం. అక్కడి మహాశాలలో రెండు గోడల పొడవునా మంచాలు బారులు తీరి ఉండగా, శాల చివర ప్రార్థనాలయం ఉండేది. దాని బలిపీఠం మీద రోజియర్ వాన్ డెర్ వైడెన్ చిత్రించిన తుదితీర్పు పటం పర్వదినాలలో తెరుచుకునేది. ఆ కాలపు వైద్యం అనేక రోగాల ఎదుట నిస్సహాయమైనది గనుక, ఆసుపత్రి ఇవ్వగలిగినవి ప్రధానంగా పడక, పథ్యం, ప్రార్థన మాత్రమే. ఆ మూడింటిలో చివరిది తక్కిన రెండింటికీ అర్థం కల్పించేదని స్థాపకుల విశ్వాసం.

అయితే మతాచార్యుని రాక రోగికి ఎల్లప్పుడూ ఊరట కలిగించేదని అనుకోవడం పొరపాటు. 1215లో రోములో సమావేశమైన నాలుగవ లాటరన్ మహాసభ తన 22వ శాసనంలో, వైద్యుడు చికిత్స ప్రారంభించడానికి ముందే ఆత్మవైద్యుని పిలిపించుకొమ్మని రోగికి బోధించాలని విధించింది. దేహవ్యాధికి ఒక్కొక్కప్పుడు పాపం కారణం కావచ్చునన్న నాటి నమ్మకం అందుకు ఒక హేతువు. రెండవది మరింత ఆసక్తికరమైనది: వ్యాధి ముదిరిన తరువాత వైద్యుడే గురువును పిలవమంటే, రోగి తనకిక ఆశ లేదని గ్రహించి నిస్పృహకు లోనై మరణానికి మరింత చేరువ అవుతాడని, కనుక ఆ సలహా అందరికీ ఆరంభంలోనే ఇవ్వాలని సభలోని పెద్దలు భావించారు. రోగి మనసును ఇంత సూక్ష్మంగా గమనించినవారు తమ శాసనంతో ఆ భయాన్ని తొలగించలేకపోయారు. రోగికి తైలం పూసే సంస్కారమైన అవస్థాభ్యంగనాన్ని చివరి శ్వాస వరకు వాయిదా వేసే అలవాటు శతాబ్దాల పాటు కొనసాగింది. ఆ సంస్కారం మరణం అంచున ఉన్నవారికి మాత్రమే పరిమితం కాదని 1963లో రెండవ వాటికన్ మహాసభ ప్రకటించి, 1972లో దాని క్రమం సవరించబడే వరకు, నల్లని అంగీ ధరించిన గురువు వార్డులో అడుగుపెట్టడమే కొందరికి మరణశాసనంగా తోచేది. తనకిక ఆశ లేదా అన్న ఆ భయమే, నేటికీ ఈ వృత్తిలో ఉన్నవారు తొలి పలకరింపులోనే ఎదుర్కొనే ప్రశ్న.

యజమానిత్వం చేజారడం ఒక్కనాటి సంఘటన కాదు. ఇంగ్లండులో ఎనిమిదవ హెన్రీ మఠాలను రద్దు చేసినప్పుడు వాటి ఆశ్రయంలోని ఆసుపత్రులు కూడా కూలిపోయాయి. 1123లో స్థాపితమైన లండను సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రి 1546లో నగరపాలకుల అధీనంలో పునఃప్రతిష్ఠ పొందినప్పటికి మతాచార్యుడు అక్కడ నియమిత ఉద్యోగి అయ్యాడు. అంతకంటె లోతైన మార్పును విజ్ఞానశాస్త్రం తెచ్చింది. 1846లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఈథర్ మత్తుతో శస్త్రచికిత్స బహిరంగంగా ప్రదర్శితమైన నాటి నుంచి, 1867లో లిస్టర్ క్రిమినిరోధక పద్ధతిని ప్రకటించడం, 1895లో ఎక్స్‌కిరణాలు ఆవిష్కృతం కావడం మీదుగా, అర్ధశతాబ్దంలో ఆసుపత్రి నయం చేయగల స్థలమైంది. నయం చేయగలవాడే అక్కడ అధిపతి కావడం సహజం. ఇరవయ్యో శతాబ్దారంభానికి మతాచార్యుడు సందర్శన వేళలలో వచ్చి, నాలుగు మాటలు చెప్పి, ప్రార్థించి వెళ్లే అతిథి.

ఆ కాలంలోనే తెలుగునాట ఈ చరిత్ర వేరొక మార్గంలో సాగింది. 1883లో గుంటూరు చేరిన అమెరికన్ లూథరన్ వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ స్థాపించిన స్త్రీల ఆసుపత్రి వంటి మిషను ఆసుపత్రులలో వైద్యం, సువార్త ఒకే ప్రయత్నానికి రెండు ముఖాలు. వార్డులలో మంచం మంచం దగ్గర కూర్చుని చదివి వినిపించే పని, బైబిలు స్త్రీలు అని పిలిచే స్థానిక సేవికలది. ఈ వ్యవస్థను న్యాయంగా తూచడం సులభం కాదు. మంచం విడిచి వెళ్లలేని రోగికి బోధ వినడం, వినకపోవడం అనే స్వేచ్ఛ ఏపాటిదన్న ప్రశ్న సమంజసమైనదే. బాధలో ఉన్నవారి కృతజ్ఞతను విశ్వాసంగా భ్రమించే ప్రమాదాన్ని ఆనాటి మిషనరీలందరూ గుర్తించలేదు. మరొక వైపు, ప్రసూతి గదిలోనూ కుష్ఠురోగుల ఆశ్రమంలోనూ ఇతరులు తాకడానికి జంకిన స్త్రీల పక్కన నేల మీద కూర్చుని, వారి మాట విన్నవారు తరచుగా ఈ తెలుగు స్త్రీలే. మిషను నివేదికలలో వైద్యులు వ్యక్తులుగా కనబడినంతగా వీరు కనబడరు. ఆధ్యాత్మిక పరిచర్యకు తెలుగు భాషలో తొలి అనుభవం వీరిదనే గుర్తింపు వీరికి దక్కవలసి ఉందని నా అభిప్రాయం.

వృత్తిని పునర్నిర్మించిన వ్యక్తి వైద్యుడూ కాడు, ప్రసిద్ధ ప్రబోధకుడూ కాడు, ఒక రోగి. 1876లో ఇండియానా రాష్ట్రంలో జన్మించిన ఆంటన్ బాయ్సన్ అటవీశాస్త్రం చదివి, తరువాత దైవశాస్త్రం అభ్యసించి, గ్రామీణ సంఘాలలో అంతగా రాణించని కాపరిగా కొన్నేళ్లు గడిపిన మనిషి. 1920 అక్టోబరులో, తన నలభై నాలుగో ఏట, తీవ్రమైన మానసిక విభ్రాంతికి లోనై, మొదట బోస్టన్‌లోనూ తరువాత వెస్ట్‌బరో ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనూ పదిహేను నెలలు గడిపాడు. ఆయనకు స్కిజోఫ్రీనియా అని వైద్యులు నిర్ధారించారు. తేరుకుంటున్న కాలంలో ఆయన రెండు విషయాలు గమనించాడు. తన అనుభవంలోని భావాలను గురించి, అవి భ్రమలే అయినా, తనతో కూర్చుని మాట్లాడడానికి వైద్యులు సిద్ధంగా లేరు. శరీర రోగులకు ఆసుపత్రులు కట్టించిన చర్చి మనోరోగులను దాదాపుగా విస్మరించింది, అప్పుడప్పుడు వచ్చే మతాచార్యులకు ఆ రోగులతో ఏమి మాట్లాడాలో తెలియదు. తన వ్యాధిలో ఒక భాగం, ఛిన్నాభిన్నమైన అంతరంగం తిరిగి కూడదీసుకోవడానికి చేసిన పెనుగులాట అని, మతచరిత్రలో జార్జ్ ఫాక్స్, జాన్ బన్యన్ వంటివారు దాటిన సంక్షోభాలకు దానితో బంధుత్వం ఉన్నదని ఆయన విశ్వసించాడు. మానసిక వ్యాధులన్నిటికీ ఈ వివరణ వర్తిస్తుందని ఆయన అనలేదు. ఈ సిద్ధాంతాన్ని తరువాతి మనోవైద్యం పూర్తిగా అంగీకరించలేదు; కాని సిద్ధాంతం కంటె పద్ధతి ఎక్కువ కాలం బతికింది.

1924లో వుస్టర్ ప్రభుత్వ మానసిక వైద్యశాల పర్యవేక్షకుడు విలియం బ్రయన్, ఒకప్పటి రోగి అని తెలిసి కూడా, బాయ్సన్‌ను చాప్లెయిన్‌గా నియమించాడు. ఆ నిర్ణయంలోని ధైర్యానికి చరిత్ర తగినంత గౌరవం ఇవ్వలేదు. 1925 వేసవిలో నలుగురు దైవశాస్త్ర విద్యార్థులు అక్కడికి వచ్చారు. వారిని బాయ్సన్ బోధకులుగా వార్డులోకి పంపలేదు. పగలంతా సాధారణ వార్డు సహాయకులుగా పనిచేసి, రోగులతో కలిసి మెలిగి, తాము చూసినది రాసి, ఆపై చర్చలో కూర్చునే విధానాన్ని ఏర్పరచాడు. దైవశాస్త్ర విద్యార్థి గ్రంథాలను చదివే శ్రద్ధతోనే బతికి ఉన్న మనిషిని చదవాలన్నది ఆయన బోధ సారాంశం. రోగి వద్దకు తెలిసినవాడుగా వెళ్లే సంప్రదాయానికి భిన్నంగా, తెలుసుకోవలసినవాడుగా వెళ్లడం అనే ఈ వైఖరి నుంచే ఆధునిక చాప్లెయిన్ వృత్తి అంతా పుట్టింది.

ఈ ప్రయత్నానికి అండగా నిలిచిన రిచర్డ్ క్యాబట్ హార్వర్డ్ ఆచార్యుడు, ప్రఖ్యాత వైద్యుడు. 1905లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో వైద్య సామాజిక సేవకు శ్రీకారం చుట్టినవాడు. వైద్య విద్యార్థి లాగే దైవశాస్త్ర విద్యార్థి కూడా ఒక ఏడాది రోగుల మధ్య గడపాలని 1925లోనే ప్రతిపాదించినప్పటికీ, మానసిక వ్యాధికి మూలం దేహరసాయనంలోనే ఉన్నదని ఆయన దృఢ నమ్మకం; బాయ్సన్ సిద్ధాంతం ఆయనకు రుచించలేదు. 1930లో ఈ దైవశాస్త్ర విద్యార్థుల శిక్షణ మండలి సంస్థగా ఏర్పడిన సంవత్సరంలోనే తల్లి మరణానంతరం బాయ్సన్ తిరిగి వ్యాధిగ్రస్తుడు కావడంతో క్యాబట్ తన విశ్వాసాన్ని ఉపసంహరించుకున్నాడు. దీన్ని కేవలం కాఠిన్యమనడం అన్యాయం. విద్యార్థుల బాధ్యత వహించినవానికి ఆందోళన సహజం. అయినా ఒక రోగి అనుభవం నుంచి పుట్టిన ఉద్యమం ఆ రోగిని అతని రోగం కారణంగా పక్కకు తప్పించిందన్న వాస్తవం బాధ కలిగించక మానదు. బాయ్సన్ 1932లో ఇలినాయ్ రాష్ట్రంలోని ఎల్గిన్ వైద్యశాలకు వెళ్లి, 1965లో మరణించే వరకు ఆ ఊరితో సంబంధం కొనసాగించాడు.

క్యాబట్ పక్షాన పనిచేసిన యువ చాప్లెయిన్ రసెల్ డిక్స్, 1933 నుంచి మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో, రోగితో జరిగిన సంభాషణను గదిలోంచి బయటికి రాగానే జ్ఞాపకం ఉన్నంత వరకు మాటకు మాటగా రాసుకునే అలవాటు చేసుకున్నాడు. వారిద్దరూ కలిసి 1936లో ప్రచురించిన రోగపరిచర్య గ్రంథం ద్వారా ఈ అలవాటు పద్ధతిగా మారి, ఇప్పటికీ శిక్షణకు వెన్నెముకగా ఉంది. శిక్షార్థి తాను అన్నదీ, రోగి అన్నదీ, మధ్యలో గడిచిన మౌనమూ వరుసగా రాసి, సహాధ్యాయుల ఎదుట చదువుతాడు. అప్పుడు బయటపడేవి చిన్న విషయాలే: రోగి భర్త గురించి చెప్పబోతుండగా తాను మాట మార్చడం, కన్నీరు చూసి తట్టుకోలేక తొందరగా ప్రార్థన అందుకోవడం, ఎవరూ అడగని ప్రశ్నకు దేవుని తరఫున సమాధానం చెప్పడం. ఓదార్పు పేరిట మనం చేసే పనులలో ఎన్ని మన అసౌకర్యం నుంచి తప్పించుకునే మార్గాలో, మతాచార్యుల శిక్షణలో ఇంత నిర్దయగా చూపిన సాధనం అంతకు పూర్వం లేదు.

ఆ శిక్షణ మండలి, క్యాబట్ పక్షం అనే, పరస్పరం పోటీపడిన ఈ రెండు శాఖలు, లూథరన్, దక్షిణ బాప్తిస్టు సంఘాల శిక్షణ సంస్థలతో కలిసి 1967లో ఒకే సంఘంగా ఏర్పడ్డాయి. ఈలోగా మనోవిశ్లేషణ, ఆ తరువాత కార్ల్ రోజర్స్ సలహా విధానం ఈ విద్యను ఎంతగా ఆవరించాయంటే, చాప్లెయిన్‌కూ మానసిక సలహాదారుకూ భేదమేమిటని సొంత చర్చిలే ప్రశ్నించాయి. ఆ విమర్శలో సత్యం ఉంది. వినడం నేర్చుకున్నవాడు, రోగి నిజంగా ప్రార్థన కోరినప్పుడు బిడియపడితే అది మరొక రకమైన ఉపేక్ష.

అదే 1967లో లండను దక్షిణ శివారు సిడెన్‌హామ్‌లో సిసిలీ సాండర్స్ సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించింది. నర్సుగా, ఆసుపత్రి సామాజిక కార్యకర్తగా, వైద్యురాలిగా మూడు వృత్తులు చేసిన ఆమె, మరణాసన్నుల నొప్పిలో శారీరక, మానసిక, సామాజిక, ఆధ్యాత్మిక పార్శ్వాలు విడదీయరానివని, సక్రమ వేళలలో మార్ఫిన్ ఇవ్వడమూ, రోగి మాట వినడమూ ఒకే చికిత్సలోని భాగాలని వాదించింది. ఇక్కడ గమనించవలసిన మలుపు ఏమంటే, లాటరన్ శాసనం వైద్యుని మీద విధించిన ఆధ్యాత్మిక పరిచర్యను ఇక్కడ వైద్యమే తనంతట తాను కోరింది. ఈసారి పాపభయంతో కాదు, నొప్పిని అర్థం చేసుకోవడం కోసం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఇచ్చిన ఉపశమన చికిత్స నిర్వచనంలో ఆధ్యాత్మిక సమస్యలకు స్థానం లభించింది.

బ్రిటన్‌లో 1948లో ఏర్పడిన జాతీయ ఆరోగ్య సేవ చాప్లెయిన్లను జీతం ఇచ్చి నియమించింది. ఆ వ్యవస్థలో నేడు ముస్లిం, యూదు, హిందూ, సిక్కు పరిచారకులతో పాటు ఏ మతమూ లేని మానవతావాదులు కూడా ఉన్నారు. రోగిని తమ మతంలోకి ఆకర్షించే ప్రయత్నం చేయరాదన్న నియమం వృత్తి నీతిలో భాగమైంది. మృతశిశువుకు పేరు పెట్టి అంత్యక్రియ జరిపించడం, కృత్రిమ శ్వాస తొలగించే నిర్ణయం ముందు నిలిచిన కుటుంబం పక్కన కూర్చోవడం, రోగిని కోల్పోయిన నర్సుతో విరామవేళ మాట్లాడడం వారి నిత్యకృత్యాలు. జీతం, రోగి పత్రాలలో నమోదు, పనిని లెక్కలలో చూపవలసిన ఒత్తిడి కూడా వెంట వచ్చాయి. రహస్యంగా చెప్పుకున్న మాటలో ఎంత భాగం పత్రంలోకి ఎక్కాలన్నది ఇంకా తెగని వివాదం.

భారతదేశంలో ఈ శిక్షణ వేళ్లూనిన చోటు, 1900లో ఐడా స్కడర్ ఒకే మంచంతో ఆరంభించి పెంచిన వేలూరు క్రైస్తవ వైద్య సంస్థ. చిత్తూరు సీమ నుంచి, అంతకు పై జిల్లాల నుంచి తెలుగు రోగులు తరతరాలుగా అక్కడికి వెళుతున్నారు. వారిలో అధిక సంఖ్యాకులు హిందువులు. అమెరికాలో రూపొందిన పద్ధతి రోగి ఒంటరిగా మంచం మీద ఉంటాడని, తన జబ్బు పేరు తనకు తెలిసి ఉంటుందని, తన గురించి తానే చెప్పుకుంటాడని ఊహిస్తుంది. మన రోగి చుట్టూ అన్న, మేనత్త, కోడలు ఉంటారు. ఎక్కడ నొప్పి అని అడిగితే మంచం పక్కనున్నవారే బదులిస్తారు. క్యాన్సర్ అన్న మాట పెద్దాయన చెవిన పడనీయవద్దని కొడుకు వరండాలోనే చేతులు పట్టుకుని బతిమాలుతాడు. ఆ కొడుకు భయాన్ని తృణీకరించకుండా, ఆ తండ్రి తెలుసుకునే హక్కునూ విడిచిపెట్టకుండా, ఇద్దరితోనూ మాట్లాడగల మార్గం బోస్టన్ పాఠ్యక్రమంలో లేదు. ఇక్కడ శిక్షణ పొందేవాడు డిక్స్ పద్ధతిలో సంభాషణ రాయబోతే, ఇద్దరి మాటలతో పాటు అయిదారుగురి మాటలు రాయవలసి వస్తుంది, రోగి మాట ఏదో వాటిలోంచి వెతికి పట్టుకోవలసి వస్తుంది.