రాజ్యం, సిపాయి, విశ్వాసం: మన ప్రాంత చరిత్ర నేర్పిన పాఠం

దేవుణ్ణి నమ్మనివాడు రాజ్యం ఏలితే న్యాయం నిలుస్తుందా? నమ్మినవాడు తుపాకీ పడితే అది ధర్మయుద్ధమే అవుతుందా? ఈ రెండు ప్రశ్నలూ మన కూటముల్లో తరచుగా వస్తూనే ఉంటాయి. చాయ్ చల్లారిపోతుంది గాని వాదం చల్లారదు. పుస్తకాల్లో జవాబు వెతకడం మంచిదే. అయితే కామారెడ్డి, ఎల్లారెడ్డి వాళ్లమైన మనకు జవాబులో చాలా భాగం మన గడ్డ మీదే ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మన పెద్దలు సంవత్సరాలు లెక్కపెట్టేటప్పుడు "పోలీస్ యాక్షన్‌కు ముందు, పోలీస్ యాక్షన్ తర్వాత" అనేవారు. నిజాం రాజ్యంలో మనది నిజామాబాద్ జిల్లా. 1946లో మజ్లిస్ పగ్గాలు లాతూరు వకీలు ఖాసిం రజ్వీ చేతికి వచ్చాయి. ఆయన నడిపిన రజాకార్లు మతం పేరు చెప్పి తుపాకులు పట్టారు. ఊళ్ల మీద పడ్డారు, లూటీలు చేశారు, మనుషుల్ని చంపారు. ఆ పనులకు, నమాజు చదివే సామాన్యుడి ఈమాన్‌కు ఏ సంబంధమూ లేదు. అయినా పేరు మాత్రం మతానిదే వాడుకున్నారు.

తర్వాత ఏమైంది? 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. 18న నిజాం సేనాధిపతి మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి ఎదుట లొంగిపోయారు. ఎద్రూస్ సిపాయి. తన దగ్గర ఎన్ని ట్యాంకులున్నాయో, ఎదుట ఎన్ని ఉన్నాయో లెక్క తెలిసినవాడు. నినాదాలు చేసినవాళ్లకు ఆ లెక్క అక్కర్లేకపోయింది. అయిదు రోజుల్లో అంతా ముగిసింది.

కాని మనవాళ్ల కష్టం అయిదు రోజుల్లో ముగియలేదు. రజాకార్ల మీది కోపం, ఏ పాపమూ ఎరగని ముస్లిం కుటుంబాల మీద విరుచుకుపడింది. ఆ ఏడాది చివర కేంద్రం పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ల బృందం 16 జిల్లాల్లో 9 జిల్లాలు తిరిగింది. చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఎక్కువగా దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. బీదర్, నాందేడ్ మనకు పొరుగే గదా! కొన్ని చోట్ల సిపాయిలే దౌర్జన్యంలో పాల్గొన్నారని ఆ బృందం రాసింది. అనేక చోట్ల సైన్యం క్రమశిక్షణతో నడుచుకున్నదనీ, ముస్లింలను కాపాడిన హిందువులు ఉన్నారనీ కూడా రాసింది. ఆ నివేదికను ప్రభుత్వం ప్రకటించనే లేదు. అరవై ఏళ్లు దాటాక, 2013లో గాని జనం కంట పడలేదు. రజ్వీ మాత్రం 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. అతని పేరున మాట పడ్డవాళ్లు ఇక్కడే మిగిలిపోయారు.

ఇదొక్కటే మన చరిత్ర అనుకుంటే పొరపాటు. మతం పేరిట జరిగే రాజకీయాన్ని ఎదిరించినవాళ్లలో ముస్లింలు ఉన్నారు. 1948 ఆగస్టులో బాఖర్ అలీ మీర్జా మొదలైన ఏడుగురు ముస్లిం పెద్దలు, హైదరాబాద్ భారత యూనియన్‌లో చేరాలని బహిరంగంగా ప్రకటన చేశారు. దాన్ని అచ్చువేసిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను, ఆ నెలలోనే కాచిగూడలో రాత్రివేళ దారికాచి చంపారు. చంపినవాళ్లు మతం పేరు చెప్పుకున్నవాళ్లే. చనిపోయినవాడూ ముస్లిమే.

మరో వరసలో కమ్యూనిస్టులున్నారు. 1947 సెప్టెంబర్ 11న సాయుధ పోరాటానికి పిలుపు ఇచ్చిన ముగ్గురు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్. మఖ్దూం మన పక్క అప్పటి మెదక్ జిల్లా అందోలులో 1908లో పుట్టిన కవి. చిన్నప్పుడు మసీదు ఊడ్చి, నీళ్లు నింపి పెరిగినవాడు. ఆయన పార్టీ సిద్ధాంతంలో దేవుడికి చోటు లేదు. కాని ఆ పార్టీ వెంట నడిచిన రైతులు పొద్దున లేచి దేవుడికి దండం పెట్టినవాళ్లే. దొర భూమి గుంజుకుంటే కోర్టుకెక్కి గెలిచి, ఆ కసికి బలి అయిన షేక్ బందగీని తెలంగాణ పల్లెలు మరువలేదు. ఆయన ఊరు కామారెడ్డిగూడెం. పేరు చూసి మన కామారెడ్డి అనుకునేవారున్నారు, అది జనగామ వైపు ఊరు. బందగీ కోసం కన్నీరు పెట్టినవాళ్లు ఆయన మతం అడగలేదు.

ఆంధ్ర ప్రాంతంలో పూర్తి నాస్తికులుగా రాజకీయంలో నిలిచినవారు గోరా గారు. ఆ అభిప్రాయాల వల్లనే అధ్యాపక ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో దాన్ని విజయవాడ పటమటకు మార్చారు. ఆయనకు గాంధీజీతో స్నేహం. రోజూ ప్రార్థన చేసే గాంధీజీ, గోరా కుమార్తె పెళ్లిని దేవుడి ప్రస్తావన లేకుండానే సేవాగ్రాంలో జరిపించడానికి ఒప్పుకున్నారు. ఆయన హత్య తర్వాత 1948 మార్చిలో ఆ పెళ్లి అక్కడే జరిగింది. గాంధీజీ తన ప్రార్థన మానలేదు, గోరా తన మాట మార్చుకోలేదు. ఇద్దరి మధ్యా స్నేహం చెడలేదు.

ఇదే మర్యాద మన రాజ్యాంగంలోనూ ఉంది. 1949 అక్టోబర్ 17న పీఠికను దేవుని పేరుతో మొదలుపెట్టాలని హెచ్.వి. కామత్ సవరణ తెచ్చారు. అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68 ఓట్లు వచ్చి అది వీగిపోయింది. వ్యతిరేకించిన వాళ్లలో భక్తులూ ఉన్నారు. విశ్వాసం అనేది ఓటుతో ఒకరి మీద రుద్దేది కాదని వాళ్ల వాదన. అదే సభ, ప్రమాణం దగ్గర రెండు దారులూ ఉంచింది. ఇష్టమైతే దేవుని పేరిట ప్రమాణం, లేకుంటే ఆత్మసాక్షిగా ప్రతిజ్ఞ. రాష్ట్రపతి నుంచి మన రెండు నియోజకవర్గాల శాసనసభ్యుల దాకా అందరికీ ఇదే పద్ధతి. సిపాయికీ అంతే. దేనితో మొదలుపెట్టినా విధేయత మాత్రం రాజ్యాంగానికే.

1948లోనే, హైదరాబాద్ పోలీస్ యాక్షన్‌కు రెండు నెలల ముందు, జూలై 3న బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ కాశ్మీర్‌లోని ఝంగర్ దగ్గర దేశం కోసం ప్రాణమిచ్చారు. 1965లో హవల్దార్ అబ్దుల్ హమీద్ పాకిస్తాన్ ట్యాంకులను ఎదుర్కొని అమరుడై పరమవీరచక్ర పొందారు. వాళ్ల ఈమాన్ వాళ్ల గుండెల్లో ఉంది, వాళ్ల తుపాకీ దేశానికి కట్టుబడి ఉంది. రెంటికీ ఎక్కడా తగవు రాలేదు.

తగవు అసలే రాదని మేము చెప్పము. మన సైన్యంలో పండిట్, మౌల్వీ, గ్రంథి, పాద్రీ జీతం మీద ఉంటారు. అన్ని మతాలకూ కలిపి సర్వధర్మ స్థలం ఉంటుంది. అయినా చిక్కులొస్తాయి. గడ్డం పెంచినందుకు వాయుసేన నుంచి తొలగించిన ముస్లిం ఉద్యోగి అప్పీలును 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. రెజిమెంటు పూజలో గర్భగుడి లోపలికి రానన్న క్రైస్తవ అధికారి తొలగింపును 2025 నవంబర్‌లో అదే కోర్టు సమర్థించింది. క్రమశిక్షణ ముందు, సొంత విశ్వాసం తర్వాత అని కోర్టుల మాట. సైన్యానికి క్రమశిక్షణ లేకపోతే నడవదు, ఒప్పుకుంటాము. కాని అక్కడ ఏ దేవుణ్ణీ నమ్మని అధికారి ఉంటే అతని సంగతేమిటి? ఈ ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

బయటి దేశాలనూ చూద్దాం. జర్మన్ సిపాయిల బెల్టు బిళ్ల మీద 'దేవుడు మాతో ఉన్నాడు' అని ఉండేది. హిట్లర్ సైన్యం కూడా అదే బిళ్ల పెట్టుకుని ఊళ్లు తగలబెట్టింది. ఇటు అల్బేనియా 1967లో తనది నాస్తిక రాజ్యమని చాటి, మసీదులు, చర్చిలు అన్నీ మూయించింది. 1990లో గాని అవి మళ్లీ తెరుచుకోలేదు. మతాన్ని అణచిన సోవియట్ ప్రభుత్వమే, యుద్ధంలో జనం సాయం అవసరమైనప్పుడు, 1943లో తాష్కెంట్‌లో ముస్లింలకు ముఫ్తీ కార్యాలయం పెట్టనిచ్చింది. దేవుడి పేరుతోనూ, దేవుడు లేడన్న పేరుతోనూ జులుం చేయవచ్చునన్నమాట.

కాబట్టి మన పిల్లలకు చెప్పవలసిన మాట ఇది. ఎవరైనా ఓటు అడగడానికి వచ్చి మీ దీన్ పేరు ఎత్తితే, బడికి, బావికి, ఉద్యోగానికి ఏం చేశావని అడగండి. దేవుణ్ణి నమ్మనివాడు మీ హక్కు కోసం నిలబడితే, అతనికి సలాం చెప్పడానికి మొహమాటపడకండి. ధర్మంలో బలవంతం కూడదని మన దీన్ మనకు నేర్పనే నేర్పింది. సైన్యంలోకో, పోలీసులోకో వెళ్లే అబ్బాయిలూ, అమ్మాయిలూ నమాజు విడువనక్కర్లేదు. కాని యూనిఫాం వేసుకున్నాక ఎదుటివాడి మతం చూడకూడదు. 1948లో ఆ ఒక్క నియమం తప్పినందుకు ఎన్ని ఇళ్లల్లో దీపాలారిపోయాయో మనకు తెలుసు. ఆ సంగతి మనమే మరచిపోతే ఇక ఎవరు గుర్తుపెట్టుకుంటారు?