వేగ పరిమితి చరిత్ర: ఎవరిని దృష్టిలో ఉంచుకొని నిర్ణయించారు?

పరిచయం

రోడ్డు పక్కన ఎర్రటి వలయంలో కనిపించే అంకెను ఇంజనీర్లు లెక్క కట్టి నిర్ణయించారని సాధారణంగా భావిస్తాం. కాని గత 160 సంవత్సరాల చరిత్రను పరిశీలిస్తే, ఆ అంకెకు ప్రాతిపదిక కాలానుగుణంగా మారుతూ వచ్చిందని తెలుస్తుంది. ఒక దశలో చట్టసభల అభిప్రాయం, మరొక దశలో వాహనచోదకుల అలవాటు, ఇటీవలి దశలో మానవ శరీరం దెబ్బను తట్టుకునే శక్తి ప్రాతిపదికలయ్యాయి. ఈ మూడు దశలను బ్రిటన్, అమెరికా, స్వీడన్ దేశాల అనుభవాల ద్వారా పరిశీలించి, చివరగా భారతదేశపు చట్టాన్ని చూద్దాం.

1. చట్టసభ నిర్ణయించిన వేగం: బ్రిటన్

బ్రిటన్‌లో 1861 నాటి చట్టం రోడ్డుపై నడిచే ఆవిరి యంత్రాల వేగాన్ని గంటకు 10 మైళ్లకు, పట్టణాల్లో 5 మైళ్లకు పరిమితం చేసింది. 1865లో ఈ పరిమితిని మరింత తగ్గించి బయట 4 మైళ్లు, పట్టణాల్లో 2 మైళ్లు చేశారు. యంత్రానికి ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని నడవాలని కూడా విధించారు. గుర్రాలు బెదురుతాయని, బరువైన యంత్రాల వల్ల రోడ్లు పాడవుతాయని అప్పటి భయం.

తేలికపాటి మోటారు వాహనాలు వచ్చాక 1896లో ఈ ఆంక్షలు సడలాయి. 1903 నాటి మోటారు కారు చట్టం 20 మైళ్ల పరిమితిని విధించి, వాహనాలకు రిజిస్ట్రేషన్ నంబర్లను తప్పనిసరి చేసింది. అయితే కార్ల సామర్థ్యం వేగంగా పెరగడంతో ఈ పరిమితిని పాటించేవారు తగ్గిపోయారు. ఎవరూ పాటించని చట్టం ఉండటం కంటే లేకపోవడమే మేలన్న వాదన బలపడింది. ఫలితంగా 1930 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం కార్లకు వేగ పరిమితిని పూర్తిగా తొలగించింది.

1934లో బ్రిటన్ రోడ్లపై 7,343 మంది మరణించారు. వారిలో దాదాపు సగం మంది పాదచారులు. అదే సంవత్సరం చేసిన కొత్త చట్టం ప్రకారం 1935 మార్చి నుంచి జనావాస ప్రాంతాల్లో 30 మైళ్ల (సుమారు 48 కి.మీ.) పరిమితి అమలులోకి వచ్చింది. జనావాస ప్రాంతాన్ని గుర్తించడానికి వీధి దీపాలను ఆధారంగా తీసుకోవడం ఇందులో ఆసక్తికరమైన అంశం. 1935లో మృతుల సంఖ్య 6,502కు తగ్గింది. అయితే డ్రైవింగ్ పరీక్షను తప్పనిసరి చేసింది కూడా ఆ సంవత్సరమే. కాబట్టి ఈ తగ్గుదలకు వేగ పరిమితి ఒక్కటే కారణమని చెప్పడం సరికాదు.

2. చోదకులు నిర్ణయించిన వేగం: అమెరికా

చట్టసభ పెట్టిన అంకెను చోదకులు పాటించకపోతే ఏం చేయాలి? ఈ ప్రశ్నకు అమెరికా ట్రాఫిక్ ఇంజనీర్లు వేరొక సమాధానం వెతికారు. రద్దీ లేని సమయంలో ఒక రోడ్డుపై వెళ్లే వాహనాల వేగాన్ని కొలుస్తారు. ప్రతి 100 వాహనాల్లో 85 ఏ వేగానికి మించకుండా వెళ్తున్నాయో, దానికి దగ్గరి అంకెను పరిమితిగా ఎంచుకుంటారు. దీనినే 85వ శతాంశ పద్ధతి అంటారు. ఎక్కువమంది చోదకులు వివేకంతోనే నడుపుతారన్న నమ్మకం దీనికి పునాది. సగటుకు దగ్గరి వేగంతో వెళ్లేవారికి ప్రమాదాలు తక్కువని గ్రామీణ రహదారులపై జరిపి 1964లో ప్రచురించిన డేవిడ్ సోలమన్ అధ్యయనం ఈ నమ్మకానికి బలం చేకూర్చింది.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. కొలతలో చోదకులే ఉంటారు. రోడ్డు దాటే వృద్ధురాలు, బడికి నడిచివెళ్లే పిల్లవాడు ఉండరు. పైగా వెడల్పైన రోడ్డుపై వేగం సహజంగానే పెరుగుతుంది. ఆ వేగాన్నే పరిమితిగా గుర్తిస్తే, నిబంధన అలవాటును అదుపు చేయడానికి బదులు అలవాటు వెంట నడుస్తుంది.

3. శరీరం నిర్ణయించిన వేగం: స్వీడన్

1997లో స్వీడన్ పార్లమెంటు 'విజన్ జీరో' విధానాన్ని ఆమోదించింది. రోడ్డు ప్రమాదంలో ఎవరూ మరణించకూడదు, తీవ్రంగా గాయపడకూడదు అన్నది దీని లక్ష్యం. మనిషి పొరపాటు చేయడం సహజమని, ఆ పొరపాటుకు ప్రాణం మూల్యం కాకూడదని ఈ విధానం భావిస్తుంది. వేగం రెట్టింపైతే ఢీకొనే వాహనపు గతిశక్తి నాలుగు రెట్లవుతుంది. అందువల్ల పాదచారులు, వాహనాలు కలిసే చోట గంటకు 30 కి.మీ., కార్లు పక్కనుంచి ఢీకొనే అవకాశం ఉన్న కూడళ్లలో 50 కి.మీ. మించరాదని ఈ ఆలోచనా ధోరణి సూచించింది.

2020 నాటి స్టాక్‌హోమ్ ప్రకటన పాదచారులు, వాహనాలు కలిసే ప్రాంతాలకు ఈ 30 కి.మీ. పరిమితినే సిఫార్సు చేసింది. 2023 సెప్టెంబరులో వేల్స్ ప్రభుత్వం జనావాస రోడ్లపై సాధారణ పరిమితిని 30 మైళ్ల నుంచి 20 మైళ్లకు తగ్గించింది. అయితే ప్రయాణ సమయం పెరుగుతుందంటూ అక్కడ పెద్ద ఎత్తున నిరసన వ్యక్తమైంది.

4. భారతదేశంలో

మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 112వ సెక్షన్ ప్రకారం గరిష్ఠ వేగాన్ని కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ప్రజల భద్రత కోసం, లేదా రోడ్డు, వంతెనల స్వభావాన్ని బట్టి ఒక ప్రాంతంలో అంతకంటే తక్కువ పరిమితిని విధించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. అక్కడ తగిన సూచిక ఫలకాలు ఏర్పాటు చేయాలి.

2018 ఏప్రిల్‌లో కేంద్రం జారీ చేసిన నోటిఫికేషన్ పురపాలక పరిధిలోని రోడ్లపై కార్లకు గరిష్ఠంగా 70 కి.మీ. పేర్కొంది. ఇది పై హద్దు మాత్రమే. స్టాక్‌హోమ్ ప్రకటన సూచించిన 30కి, ఈ 70కి మధ్య ఉన్న దూరాన్ని తగ్గించడం 112వ సెక్షన్ ద్వారా రాష్ట్రాల చేతుల్లోనూ ఉంది. బడి, సంత, బస్టాండు ముందు ఏ అంకె ఉండాలన్నది అందువల్ల స్థానిక ప్రజలు అడగదగిన ప్రశ్న.

సారాంశం

వేగ పరిమితి ప్రతి కాలంలోనూ రోడ్డు ఎవరిదన్న ప్రశ్నకు సమాజం ఇచ్చిన సమాధానం. 1865లో గుర్రపు బండ్లకు, 1930లో కార్ల యజమానులకు అది అనుకూలంగా నిలిచింది. నడిచేవారి ప్రాణాన్ని కొలమానంగా తీసుకోవడం 1935లో కొంతవరకు, 1997 తరువాత స్పష్టంగా కనిపిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బ్రిటన్‌లో 1930లో కార్లకు వేగ పరిమితిని ఎందుకు తొలగించారు? 1935లో తిరిగి ఎందుకు విధించారు?
2. 85వ శతాంశ పద్ధతిని, విజన్ జీరో విధానాన్ని పోల్చండి. మీ ఊరి ప్రధాన రహదారికి ఏది తగినదో కారణాలతో వివరించండి.