లేపాక్షి కప్పు మీది పూలు

విజయనగర కాలపు నేతగాండ్రు నేసిన చీరలు నేడు మనకు దాదాపుగా దొరకవు. నూలు గాని పట్టు గాని అన్ని యేండ్లు నిలవడం అరుదు. అయినా ఆ బట్టల మీది పూలు, లతలు, అంచులు ఎట్లుండేవో చూడవలెనంటే ఒక చోటు ఉన్నది. అది లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు.

2022 వరకు అనంతపురం జిల్లాలో ఉండి, పిమ్మట శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ ఊరి గుడిని అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) పెనుకొండ రాజోద్యోగి విరూపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణ కట్టించారు. కప్పు మీది బొమ్మలలో దేవతలకంటె వారి చుట్టునున్న స్త్రీల చీరలను, పురుషుల పొడవాటి కుళ్లాయిలను నిదానంగా చూడవలెను. చీరచీరకూ పూల వరుస వేరు. ధర్మవరం నేతపనివారు వీటి నుండి అంచులు తీసుకొన్నారంటే వింత లేదు.

ఇక రంగుల సంగతి. రాతి మీద సున్నపు గార పూసి, దాని మీద చిత్రాలు వ్రాశారు. తడి సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని గట్టిపడి, మరల సున్నపురాయిగా మారుతుంది. తెలుపు సున్నమే. పసుపు, ఎరుపు రెండూ మన్ను రంగులే; రెంటిలోనూ ఇనుము ఆక్సైడే ఉన్నది. పసుపుమన్నును పెనం మీద బాగా కాలిస్తే అందులోని నీరు పోయి ఎర్రబడుతుంది. విద్యార్థులు ఈ ప్రయోగం ఉపాధ్యాయుల ఎదుట చేసి చూడవచ్చును. లేపాక్షిలో నీలం మాత్రం చాల అరుదు. నీలపు మన్ను అట్లు చేతికందేది కాదు గదా!

ఇంగ్లండులో దీనికి సరిగా ఎదురు. ఆంట్వర్ప్ నుండి వలస వచ్చిన కుమ్మరులు 1571 ప్రాంతంలో లండన్‌లో తగరపు మెరుగు పాత్రల పని మొదలుపెట్టారు. తగరపు ఆక్సైడు మెరుగులో కరగక, సన్నని రేణువులుగా నిలిచి వెలుతురును చెదరగొట్టును; అందుచేత పాత్ర పాలవలె తెల్లనగును. కాల్చని ఆ పొడి మెరుగు కుంచెలోని తడిని వెంటనే పీల్చివేస్తుంది. గీసిన గీత దిద్దుటకు వీలులేదు. 17వ శతాబ్దపు పళ్లెములపై ట్యులిప్ పూలు ఇట్లు గీసినవే. ఆవపు వేడికి తట్టుకొనే నీలం కోబాల్టు ఇచ్చినది. రంగు గాజులో కరగి కలిసిపోవుటచే ఆ పూలు రాలవు.

లేపాక్షి పూలకు అట్టి అగ్ని రక్షణ లేదు. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే సీమలో నీటి భయమేమిటని అనిపించవచ్చును. కాని బండల సందుల గుండా దిగిన కొద్ది నీరే లవణాలను తెస్తుంది. నీరు ఆరినప్పుడు అవి రంగుపొర వెనుక స్ఫటికాలై, పొరను బయటికి నెడతాయి. చాల చోట్ల చిత్రాలు ఇప్పటికే రాలిపోయినవి. రాలిన చోట ఏ చీర ఉండెనో, దాని అంచున ఏ పువ్వు ఉండెనో చెప్పగల సాక్ష్యం వేరొకటి లేదు.