నత్రజని – యుద్ధం – దేశాల మైత్రి

యుద్ధ చరిత్ర చదివేటప్పుడు మన దృష్టి సేనాపతుల మీద, ఫిరంగుల మీద నిలుస్తుంది. ఆ ఫిరంగికి మందు ఎక్కడినుంచి వచ్చినది అనే ప్రశ్నను సాధారణంగా వేసుకోము. ఆ ప్రశ్న వేసుకున్నట్లయితే, దేశాల స్నేహ వైరాలను అనేక పర్యాయాలు మలుపు తిప్పిన ఒక మూలకం మన ఎదుటికి వస్తుంది. అదే నత్రజని.

పూర్వపు తుపాకిమందులో సుమారు 75 పాళ్ళు సురేకారం, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం ఉండేవి. బొగ్గు, గంధకం మండే పదార్థాలు. గాలి చొరని గొట్టంలో అవి క్షణంలో మండడానికి కావలసిన ఆమ్లజనిని ఇచ్చేది సురేకారమే. దీనినే పెట్లుప్పు అని కూడా అంటారు. నత్రజనిని కలిగిన ఈ లవణం బీహారు మట్టిలో సమృద్ధిగా దొరికేది. నూనియాలనే శ్రామికులు ఉప్పు తేలిన మట్టిని పోగుచేసి, నీటిలో కరిగించి, వడగట్టి, కాచి దానిని తీసేవారు.

1757లో ప్లాసీ యుద్ధం జరిగినది. ఆ మరుసటి సంవత్సరమే బీహారు సురేకారంపై గుత్తాధికారం ఈస్టిండియా కంపెనీ చేతికి చిక్కినది. బ్రిటనుకు మందు కొరత తీరినది. దాని ప్రత్యర్థి ఫ్రాన్సుకు కొరత ఏర్పడినది. 1775లో ఫ్రెంచి ప్రభుత్వం తుపాకిమందు తయారీని సంస్కరించే బాధ్యతను లెవోయిజర్ వంటి మహా రసాయనవేత్తకు అప్పగించినదంటే, ఆ కొరత ఎంతటిదో ఊహించవచ్చును.

పంతొమ్మిదవ శతాబ్దంలో కథ దక్షిణ అమెరికాకు మారినది. అక్కడి అటకామా ఎడారిలో సోడియం నైట్రేటు నిక్షేపాలు అపారంగా ఉన్నవి. పొలాలకు ఎరువుగాను, కొత్త ప్రేలుడు పదార్థాలకు కావలసిన నత్రికామ్లం చేయడానికిని అది పనికివచ్చినది. ఈ నిక్షేపాల కోసం 1879లో చిలీ ఒక వైపు, పెరూ, బొలీవియాలు మరొక వైపు యుద్ధానికి దిగినవి. చిలీ గెలిచినది. పెరూ తన నైట్రేటు సీమను, బొలీవియా తన సముద్రతీరాన్ని కోల్పోయినవి. ఆ తీరానికి దారి కోసం బొలీవియా వేసిన దావాను అంతర్జాతీయ న్యాయస్థానం 2018లో త్రోసిపుచ్చినది. 1879 నాటి తగవు ఇంత దూరం వచ్చినదన్నమాట.

చిలీ నైట్రేటును అధికంగా కొనే దేశాలలో జర్మనీ ఒకటి. సముద్రంపై ఆధిపత్యం మాత్రం బ్రిటనుది. యుద్ధం వస్తే ఓడలు ఆగిపోతవి. ఓడలు ఆగితే మందు ఉండదు. ఈ చిక్కును విప్పినది ప్రయోగశాల. గాలిలో సుమారు 78 శాతం నత్రజనియే. అయితే దాని అణువులోని రెండు పరమాణువులు గట్టిగా పెనవేసుకొని ఉండడం వల్ల, అది ఇతర మూలకాలతో సులభంగా కలియదు. 1909లో కార్ల్స్‌రూహే నగరంలో ఫ్రిట్జ్ హేబర్ అధిక పీడనం, అధిక ఉష్ణోగ్రత, ఆస్మియం అనే ఉత్ప్రేరకం, ఈ మూడింటి సాయంతో నత్రజనిని ఉదజనితో కలిపి అమోనియాను చుక్కలు చుక్కలుగా రాబట్టినాడు. కార్ల్ బాష్ ఈ పద్ధతిని కర్మాగారానికి తెచ్చినాడు. మిట్టాష్ వేలకొలది ప్రయోగాలు చేసి, చవుకైన ఇనుము ఆధారంగా ఉత్ప్రేరకాన్ని తయారుచేసినాడు. 1913లో ఒప్పావులో తొలి కర్మాగారం పని ప్రారంభించినది.

మరుసటి సంవత్సరం మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినది. 1914 నవంబరు 1న చిలీ తీరాన కొరోనెల్ వద్ద జర్మను నౌకలు గెలిచినవి. డిసెంబరు 8న ఫాక్‌లాండ్ దీవుల వద్ద బ్రిటిషువారు వాటిని దాదాపు తుడిచిపెట్టినారు. చిలీ దారి జర్మనీకి మూసుకొనిపోయినది. కాని 1915లో ఒప్పావులో అమోనియానుంచి నత్రికామ్లం తయారు కాసాగినది. 1917లో లాయినాలో ఇంకను పెద్ద కర్మాగారం వెలసినది. ఇతర పద్ధతులు కూడా తోడ్పడినవి గాని, గాలినుంచి మందు చేసే ఈ విద్య లేకున్నచో జర్మనీ 1918 వరకు పోరాడగలిగేది కాదని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. నౌకాబలంతో ముడి పదార్థాన్ని అడ్డవచ్చును. తెలిసిన విద్యను అడ్డడం సాధ్యం కాదు.

1915 ఏప్రిల్ 22న ఈప్ర్ వద్ద క్లోరిన్ విషవాయు ప్రయోగాన్ని నడిపించినది కూడా ఈ హేబరే. 1918 సంవత్సరపు నోబెల్ బహుమానం అమోనియాకు గాను అతనికి లభించినప్పుడు కొందరు శాస్త్రజ్ఞులు నిరసించినారు.

చిలీకి తగిలిన దెబ్బ వేరు. యుద్ధానంతరం దేశదేశాలలో అమోనియా కర్మాగారాలు లేచినవి. ఎడారి నైట్రేటుకు గిరాకీ పడిపోయినది. ఒకనాడు జనంతో కళకళలాడిన హంబర్‌స్టోన్ గని పట్టణం పాడుపడినది. 2005లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చినది.

నేడు ప్రపంచ జనాభాలో దాదాపు సగం మందికి తిండి ఈ పద్ధతిలో వచ్చే ఎరువుల వల్లనే లభిస్తున్నదని అంచనా. 2021లో మళ్ళీ ఉత్పత్తి ప్రారంభించిన రామగుండం యూరియా కర్మాగారానికి మూలం కూడా ఈ అమోనియాయే. అయితే ఉదజని కోసం అధికంగా సహజవాయువు కావాలి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం ముదరగానే సహజవాయువుతో పాటు ఎరువుల ధరలు కూడా పెరిగినవి. సురేకారంపై ఆధారం పోయి వాయువుపై ఆధారం వచ్చినది.

ఒక శాస్త్ర విజ్ఞానం పాత సంకెలను తెంచుతుంది, కొత్త సంకెలను వేస్తుంది. కావున యుద్ధాల చరిత్రను బోధించేటప్పుడు తేదీల పక్కన ఆ నాటి రసాయనశాస్త్రాన్ని కూడా ఉంచి చూపడం మంచిది. ఒకే అమోనియా పొలానికి పోవాలా, ఫిరంగికి పోవాలా అన్నది ఉత్ప్రేరకం నిర్ణయించదు. అది మనుష్యులు నిర్ణయించవలసినదే.