ఆరుబయట కాఫీ (నెల్లూరు తీరం)

ఆరుబయట కాఫీ అనగా ఇల్లు, హోటలు అందుబాటులో లేనిచోట బస చేసినవారు తమకు తాముగా కాచుకొనే కాఫీ. నెల్లూరు జిల్లాలోని మైపాడు, కొత్తకోడూరు వంటి సముద్రతీరాలకు విహారానికి వచ్చేవారికి, 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరిన పులికాట్ సరస్సు, నేలపట్టు ప్రాంతాలకు పక్షులను చూడవచ్చేవారికి దీని అవసరం కలుగుతుంది. 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఈ జిల్లావాసులకు తెల్లవారగానే డికాషన్ కాఫీ లేనిదే పొద్దు గడవదు. పొడి, పాలు, చక్కెర ఇంటినుండి తెచ్చుకొనవచ్చును. కాఫీ కుదరడం, కుదరకపోవడం మాత్రం నీటిపై ఆధారపడి ఉన్నది.

నీరు

సముద్రజలంలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఒక లీటరు మంచినీటిలో 50 మిల్లీలీటర్ల సముద్రజలం కలిసినా లవణం లీటరుకు సుమారు 1,700 మిల్లీగ్రాములకు చేరును. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాములకు మించరాదు. వేరే నీరు దొరకనిచోట 2,000 వరకు అనుమతి ఉన్నది. అనగా తాగుటకు పనికివచ్చే నీరంతా కాఫీకి పనికిరాదు. ఉప్పు తగిలితే పాలు, చక్కెర ఎంత కలిపినా ఆ రుచి పోదు. బోరునీటిలో సాధారణంగా ఉండే బైకార్బొనేట్లు కాఫీలోని సహజమైన ఆమ్లాలను అణచివేయుటచే కాఫీ చప్పబడుతుంది. మరగించడం వలన సూక్ష్మజీవులు చచ్చునే గాని ఉప్పు పోదు, పైగా నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడును. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

పప్పు ఉడకని నీరు, సబ్బు నురగ రాని నీరు కాఫీకి తగదని గృహిణులు చెప్పే పరీక్ష శాస్త్రసమ్మతమైనదే. ఈ రెండూ నీటి కాఠిన్యాన్ని తెలుపుతాయి. ఉప్పును తెలుసుకొనుటకు నాలుకే సాధనం.

చెలమ

ఇసుకలో చేతితో తవ్విన చిన్న నీటిగుంటను చెలమ అంటారు. సముద్రం పక్కనే తవ్విన చెలమలో తియ్యని నీరు ఊరడం చూచి కొత్తవారు ఆశ్చర్యపడతారు. దీనికి కారణం తేలికైనది. మంచినీటికన్న ఉప్పునీరు కొద్దిగా బరువైనది. ఇసుకలో ఇంకిన వాననీరు అడుగున ఉన్న ఉప్పునీటిపై తేలి నిలుస్తుంది. సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే, ఆ మట్టానికి దిగువన సుమారు 40 అడుగుల లోతువరకు మంచినీరే ఉంటుందని 19వ శతాబ్దం చివర డచ్చి దేశీయుడు బాడన్ గైబెన్, 1901లో జర్మనీకి చెందిన హెర్జ్‌బర్గ్ విడివిడిగా తెలిపారు. ఈ లెక్కకు మరొక ముఖం కూడా ఉన్నది. పైమట్టం ఒక అడుగు తగ్గితే అడుగునుండి ఉప్పునీరు 40 అడుగులు పైకి వచ్చును. కొబ్బరిచిప్పతో తోడుకొనే చెలమ తియ్యగా ఉండి, దాని పక్కనే మోటారు పెట్టిన బోరు ఉప్పగా మారడంలోని మర్మం ఇదే.

చెలమను అలలు తాకే ఒడ్డున గాక మొదటి ఇసుకదిబ్బల వరుసకు వెనుకవైపున, పచ్చగడ్డి గాని తాటిచెట్లు గాని ఉన్న పల్లపు చోట తవ్వవలెను. నివాసాలకు, మరుగుదొడ్లకు, చేపలు ఎండబెట్టే చోట్లకు దూరంగా ఉండవలెను. తడి తగిలిన తరువాత జానెడు లోతు చాలును. ఇంకా తవ్వాలన్న ఉత్సాహం పనికిరాదు. మొదట ఊరిన నీటిని పారబోసి, తేరుకొన్న పిదప మెల్లగా తోడుకొనవలెను. మడ్డిగా ఉంటే పటికనుగాని, పూర్వకాలపు పద్ధతిలో పాత్ర లోపలిభాగంలో అరగదీసిన చిల్లగింజను గాని వాడి తేర్చవచ్చును. ఆ తరువాత తెర్లే వరకు కాచితీరవలెను.

ఈ జిల్లాలో వర్షం అధికభాగం అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాల వలన కురుస్తుంది. అందుచేత డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు చెలమనీరు మిక్కిలి తియ్యగా ఉంటుంది. ఫ్లెమింగోలు, గూడబాతులు వచ్చే కాలమూ అదే. ఎండాకాలంలో నెల్లూరునుండి నీరు మోసుకొని వెళ్ళడమే మేలు. తీరం పొడవునా సాగే బకింగ్‌హాం కాలువ నీరు చూడటానికి ప్రశాంతంగా ఉన్నను అది ఉప్పునీటి కాలువ.

1990వ దశకంలో రొయ్యల చెరువులు విస్తరించిన తరువాత చెలమలకు ముప్పు ఏర్పడింది. చెరువులలో నిలిపిన ఉప్పునీరు ఇసుకలోనికి ఇంకినచోట పరిసరాల బావులు చెడతాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలంలోని చెరువులను తొలగించవలెనని, పులికాట్, చిలికా సరస్సులకు 1,000 మీటర్ల లోపల రొయ్యల పరిశ్రమ ఉండరాదని తీర్పు ఇచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చిన తరువాత నమోదు పద్ధతిపై పెంపకం కొనసాగింది. కనుక పాత చెలమ తావు తెలిసినవారు కూడా ప్రతిసారీ నీటిని రుచి చూడవలెను. చెలమనీటిపై బతికే పల్లెలకు ఇది కాఫీకన్న పెద్ద విషయం.

పొడి, డికాషన్

సముద్రపు గాలిలోని తేమకు కాఫీ పొడి గడ్డకడుతుంది. చికోరీ తేమను త్వరగా పీల్చును గనుక, అది ఎక్కువగా ఉన్న పొడి మరీ తొందరగా ముద్దయి ఫిల్టరు రంధ్రాలను మూసివేస్తుంది. చట్టప్రకారం మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదు. ఆరుబయటకు చికోరీ లేనిది, లేదా స్వల్పంగా ఉన్నది మంచిది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీ బాగుంటుంది. ఒక్కొక్క పూటకు చాలినంత పొడిని వేర్వేరు పొట్లాలుగా కట్టి బిగుతుమూత డబ్బాలో ఉంచుకొనవలెను.

నలుగురికి 40 గ్రాముల పొడి, 250 మిల్లీలీటర్ల నీరు సరిపోతాయి. పొడి తన బరువుకు రెట్టింపు నీటిని పట్టి ఉంచుకొనును గనుక సుమారు 170 మిల్లీలీటర్ల డికాషన్ దిగుతుంది. తెర్లిన నీటిని దించి, అర నిమిషం ఆగి పోయవలెను. ఇసుక ఎగిరే చోట ఫిల్టరు కంటె వడగుడ్డే నయం. కాస్త ముతక పొడిని వేడినీటిలో వేసి, మూతపెట్టి, నాలుగైదు నిమిషాల తరువాత పలుచని నూలుగుడ్డతో వడకట్టవలెను. ఫిల్టర్లు ఎరుగని రోజులలో ఇళ్ళలో చేసినది ఇదే.

పాలు ఉదయం కాచినవైతే సాయంత్రానికి పులుపు తిరిగి, డికాషన్ పడగానే విరిగే అవకాశం ఉన్నది. రాత్రి బసకు పాలపొడి సురక్షితం. తాటిబెల్లం వాడేవారు పాలను పొయ్యినుండి దించిన తరువాతనే కలపవలెను.

పొయ్యి, నిబంధనలు

తీరంలో పగలు మధ్యాహ్నం మొదలు సముద్రంనుండి, తెల్లవారుజామున నేలవైపునుండి గాలి వీచును. పొయ్యిని గుంటలో పెట్టి, గాలి వచ్చే దిక్కున ఇసుక అడ్డుకట్ట వేయవలెను. సరుగుడు కట్టె మంచి వేడినిస్తుంది. అయితే సరుగుడు తోటలలో రాలిన ఎండాకు క్షణంలో అంటుకొనును కాబట్టి తోట లోపల నిప్పు రాజేయరాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యాలలో ముప్పు కలిగించే విధంగా నిప్పు రాజేయడాన్ని నిషేధించింది. నేలపట్టు (1976), పులికాట్ అభయారణ్యాలకు వెళ్ళేవారు ఫ్లాస్కులో కాఫీ తీసుకొనిపోవడమే ఉచితం.

జనవరి మొదలు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ ఒడ్డున గుడ్లు పెడతాయి. పిల్లలు వెలుతురువైపు నడుస్తాయి గనుక, ఆ నెలలలో రాత్రివేళ ఒడ్డున మంట ఉండరాదు. ఆరిపోయినట్లు కనిపించే నిప్పులను ఇసుకతో కప్పిపోవడం కూడా తగదు. ఇసుక కింద నిప్పు గంటలకొద్దీ వేడిగా ఉండి, తెల్లవారి వలలు లాగవచ్చే మత్స్యకారుల పాదాలు కాలును. సముద్రపు నీరు రెండు బిందెలు పోసి, చేయి పెట్టి చూచి, చల్లబడిన బొగ్గులను ఏరుకొని పోవలెను.